గోడలు ఆరేదాకా

విల్హెల్మ్స్‌బుర్గ్, హాంబుర్గ్
25 ఫిబ్రవరి 1962

తమ్ముడు ఎగ్గెర్ట్‌కి,

ముందు ఈ ఒక్క ముక్క చదువు: నేను బతికే ఉన్నాను. ఒంటికి ఏమీ కాలేదు. ఇక కూర్చుని మిగతాది చదువుకో.

రేడియోలో వినే ఉంటావు. పోయిన వారం శనివారం తెల్లారేసరికి కరకట్టలు తెగి, ఎల్బే నది మా దీవి మీదికి వచ్చేసింది. కింది ఇళ్లలో కిటికీలు పైదాకా మునిగాయి. నేను రెండో అంతస్తులో ఉండబట్టి బతికిపోయాను. రెండు రోజులు మెట్ల మీద కూర్చుని, నీళ్లు ఎన్ని మెట్లు దిగాయో చూస్తూ గడిపాను. తర్వాత సైనికులు పడవలో వచ్చి దించారు.

ఇప్పుడు నీళ్లు పోయాయి, బురద మిగిలింది. దానికి కిరసనాయిలు వాసన. వీధి పొడుగునా తడిసిన పరుపులు, కుర్చీలు, ఉబ్బిపోయిన బీరువాలు గుట్టలుగా పడి ఉన్నాయి. నేను వంట చేసే బడిలోనే నాలుగు వందల మందిని ఉంచారు. పిల్లల గిన్నెల్లో ముసలివాళ్లకి బఠానీల సూపు పోస్తున్నాను. ఉప్పు ఎక్కువైందని ఇవాళ ఒకాయన అన్నాడు. ఎనిమిది రోజుల్లో మొదటి ఫిర్యాదు అది. మనుషులు కోలుకుంటున్నారని అప్పుడు నమ్మకం కలిగింది.

తోటల్లో చెక్క ఇళ్లు కట్టుకున్నవాళ్లకి పెద్ద దెబ్బ తగిలింది. బాంబులకి ఇళ్లు పోగొట్టుకుని పంతొమ్మిదేళ్లుగా అక్కడే ఉంటున్నవాళ్లు వాళ్లంతా. క్రోగ్ అని ఒకాయన ఉన్నాడు, రేవులో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. భార్యతో కలిసి పైకప్పు ఎక్కాడు. ఆమె చలికి తట్టుకోలేకపోయింది. బడిలో ఆయన మూడు రోజులు గోడవైపు తిరిగి కూర్చున్నాడు. చూడలేక ఇంటికి తీసుకొచ్చాను. నీకోసం ఉంచిన వెనక గది ఇచ్చాను.

నీతో పనుంది. కింది ఇళ్లలో గదులు వెచ్చబెట్టే పింగాణీ పలకల పొయ్యిలన్నీ నీళ్లలో నానిపోయాయి. పొయ్యిలు కట్టే మేస్త్రీలు ఎండాకాలం దాకా దొరకరు. ముప్పై ఏళ్లుగా నువ్వు చేస్తున్న పని అదే కదా. ఏం చేయాలో రాయి.

నీ అక్క
ఆల్‌మూట్

*

గ్రైఫ్స్‌వాల్ట్
6 మార్చి 1962

అక్కా,

నీ ఉత్తరం సరిహద్దు దాటి నిన్న చేరింది. రేడియోలో విన్న రోజు నుంచి నిన్నటి దాకా ఎలా గడిపానో రాయను. టెలిగ్రాం ఇచ్చాను, అందిందో లేదో. పోస్టాఫీసులో పిల్ల నన్ను చూడగానే తల అడ్డంగా ఊపడం అలవాటు చేసుకుంది. నిన్న మాత్రం లేచి నిలబడింది.

పొయ్యిల సంగతి. ఎవరూ నిప్పు ముట్టించకూడదు, అది ముందు అందరికీ చెప్పు. పలకల మధ్య బంకమట్టి నీళ్లు తాగి మెత్తబడి ఉంటుంది. లోపల ఆవిరి పుడితే పలకలు పగిలి మొహం మీదికి వస్తాయి. పలకలు ఒక్కొక్కటే ఊడదీసి, వెనక నంబర్లు వేసి, వరస తప్పకుండా పేర్చుకోవాలి. పాత మట్టి గీకెయ్యాలి. కొత్త మట్టిలో ఇసుక కలపాలి. పిడికెడు ముద్ద చేసి నడుం ఎత్తు నుంచి వదిలితే పగలకూడదు, అప్పడంలా పరుచుకోకూడదు. కట్టాక రెండు వారాలు ఖాళీగా వదిలెయ్యాలి. తర్వాత రోజుకి ఒక గుప్పెడు చితుకులు, అంతే. గోడలు ఆరేదాకా కిటికీలు తెరిచే ఉంచాలి, చలేసినా సరే.

లోపల పొగ ఎలా తిరగాలో మాటల్లో చెబితే తికమకపడతారు. బొమ్మ గీసి ఇందులో పెట్టాను. ఎర్ర పెన్సిల్‌తో గుర్తు పెట్టిన చోట ముందుగా శుభ్రం చేయాలి. మిగతావన్నీ దాని తర్వాతే.

క్రోగ్ గారికి ఆ మంచం పొట్టి కాదనుకుంటాను. నేను పొట్టివాణ్ణని నా కొలతకి కొన్నావు కదా.

ఎగ్గెర్ట్

*

విల్హెల్మ్స్‌బుర్గ్
20 మార్చి 1962

మతిమరుపు మేస్త్రీకి,

నీ ఉత్తరం బడి వంటగదిలో మూడుసార్లు పైకి చదివాను. మొదట నలుగురు విన్నారు, మూడోసారికి గుమ్మం దాకా నిండిపోయారు. ఇప్పుడు వీధిలో ఏ ఇంటికి వెళ్లినా పలకల వెనక సుద్దముక్కతో వేసిన నంబర్లే. ముద్దలు చేసి నడుం ఎత్తు నుంచి వదులుతున్నారు. ఎవరి నడుం ఎత్తు అని వాళ్లలో వాళ్లకి తగువు.

ఎదురింటి ఎల్‌ఫ్రీడె మామ్మ గుర్తుందా, నా ఉత్తరాల్లో వస్తుంటుంది. డెబ్బై ఒకటి నిండాయి. బడిలో ఉండమంటే ఉండదు. తడి గోడల మధ్య కోటు వేసుకుని, తలకి రుమాలు కట్టుకుని కూర్చుంటుంది. నీ ఉత్తరం విని, "మీ తమ్ముడు డాక్టరు కూడానా? నా మోకాళ్లకి కూడా ఏదన్నా రాసి పంపమను," అంది.

పని అంతా క్రోగ్ చేస్తున్నాడు. నేను చదువుతాను, క్రోగ్ చేస్తాడు. మొదటి రోజు ఊరికే నిలబడి చూశాడు. రెండో రోజు నా చేతిలోంచి ఉలి లాక్కున్నాడు. క్రోగ్‌కి తూకం తెలుసు, క్రేన్ నడిపిన చెయ్యి కదా. సాయంత్రం అన్నం దగ్గర క్రోగ్ నీ గురించి అడుగుతాడు, ఈయన మట్టిలో ఏ ఇసుక వాడతాడు, ఎంత సన్నంది అని. భార్య పోయాక ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి ప్రశ్న అదే.

కానీ బొమ్మ ఏదీ? కవరు చింపి తిరగేసి చూశాను. చిన్నప్పుడు పుస్తకాలు మర్చిపోయి బడికి వెళ్లేవాడివి, నేను వెనకాల పరిగెత్తేదాన్ని. ఇప్పుడు పరిగెత్తలేను. పంపు.

ఆల్‌మూట్

*

గ్రైఫ్స్‌వాల్ట్
29 మార్చి 1962

అక్కా,

నేను మర్చిపోలేదు. బొమ్మ నా చేత్తో మడిచి పెట్టాను. మళ్లీ గీసి ఇందులో పెడుతున్నాను. ఈసారి రెండు గీశాను, ఒకటి పక్క నుంచి, ఒకటి పై నుంచి. పని అయ్యాక దీపం దగ్గర కూర్చుని గీస్తుంటే బాగానే ఉంది. ఈ మధ్య ఇంటికి వచ్చాక చేయడానికి నాకు పెద్దగా ఏమీ ఉండటం లేదు. ఎవరి ఇంట్లో పొయ్యి ఎలా ఉందో రాస్తే అన్నిటికీ విడివిడిగా గీస్తాను.

ఎర్ర గుర్తు మర్చిపోవద్దు. అక్కడ శుభ్రం కాకుండా నిప్పు పెట్టకూడదు.

ఇసుక మధ్యరకంది, నదిది కాదు, గుట్టల్లో తవ్వింది. క్రోగ్ గారికి చెప్పు.

నీ ఉత్తరంలో ఆయన పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టాను. ఆ లెక్క రాయడం లేదు. నువ్వు పెద్దదానివి, నీ ఇంట్లో ఎవరుండాలో నీ ఇష్టం. శుభవార్త ఏదైనా ఉంటే వీధివాళ్ల కంటే ముందు నాకు చెబుతావని ఆశ, అంతే.

మామ్మ మోకాళ్లకి వెచ్చటి ఇసుక మూట పెట్టమను.

ఎగ్గెర్ట్

*

విల్హెల్మ్స్‌బుర్గ్
14 ఏప్రిల్ 1962

ఎగ్గెర్ట్,

నీ ఉత్తరం చాలా ఆలస్యంగా వచ్చింది. కవరు అంచు మళ్లీ అతికించినట్టు ఉంది. అందులో ఒకే కాగితం. బొమ్మ లేదు. క్రోగ్ పేరు లెక్కపెట్టడానికి నీకు తీరిక దొరికింది గానీ, బొమ్మ పెట్టడానికి దొరకలేదు.

మేం ఎన్నాళ్లని ఆగుతాం? ఇక్కడ ఇంకా మంచు పడుతోంది. పొగగొట్టాలు చూసే మనిషి ఇంకో మూడు వారాలకి గానీ రానన్నాడు. మామ్మకి దగ్గు మొదలైంది. బొమ్మ లేకపోయినా నువ్వు రాసినదాన్ని బట్టి క్రోగ్ ఆమె పొయ్యి కట్టాడు. ఎర్ర గుర్తు ఎక్కడో తెలియక, నిప్పు పెట్టే చోటూ బూడిద తీసే చోటూ రెండూ తుడిచాడు. రెండు వారాలు ఆరనిచ్చాం. చితుకులతో మొదలుపెట్టాం. కాస్త పొగ వచ్చి ఆగింది, తడి వల్ల అనుకున్నాం. మంగళవారం పొద్దున బొగ్గు ఇటుకలు పెట్టాడు.

మధ్యాహ్నం సూపు తీసుకెళ్లి తలుపు కొట్టాను. పలకలేదు. దగ్గు వల్ల మూసుకున్న కిటికీలోంచి చూస్తే కుర్చీలో నిద్రపోతున్నట్టే ఉంది, మొహం గులాబీరంగులో ఉంది. క్రోగ్ కిటికీ పగలగొట్టి లోపలికి దూకి ఆమెను భుజాన వేసుకుని బయటికి తెచ్చాడు. బొగ్గు పొగ విషం ఎక్కిందన్నారు ఆస్పత్రిలో, రెండు రోజులు మాట లేదు. ఇప్పుడు మాట్లాడుతోంది గానీ, చెంచా పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది.

క్రోగ్ ఇంటికి వచ్చి చేతులు కడుక్కున్నాడు. చాలాసేపు కడిగాడు. "ఒకామెను చలికి వదిలేశాను, ఇంకొకామెను వెచ్చబెట్టి చంపబోయాను. ఇక ఎవరింట్లోనూ నేను నిప్పు ముట్టించను," అన్నాడు. మళ్లీ గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

ఒక్క కాగితం, తమ్ముడూ. నీకు కోపం నా మీద. శిక్ష మామ్మకా?

ఇన్నాళ్లూ అనని మాట ఇవాళ అంటాను. పోయిన ఆగస్టులో వస్తానన్నావు. మంచం కొన్నాను, కర్టెన్లు కుట్టాను. ఎవరిదో ఒక పొయ్యి సగంలో ఉంది, పూర్తిచేసి ఆదివారానికి వస్తానన్నావు. ఆ ఆదివారమే మీ తూర్పు నుంచి మా పడమరకి వచ్చే దారి మూసేశారు. ఒక్క పొయ్యి కోసం ఆగిపోయినవాడివి, ఇక్కడ ఒక్క పొయ్యికి బొమ్మ పంపలేకపోయావు.

ఆల్‌మూట్

*

గ్రైఫ్స్‌వాల్ట్
27 ఏప్రిల్ 1962

అక్కా,

ఈ ఉత్తరం నాలుగోసారి రాస్తున్నాను. మొదటి మూడూ చింపేశాను.

బొమ్మ రెండుసార్లు పెట్టాను. నీ ఉత్తరం రాకముందే ఇంకోసారి విడిగా కవర్లో పంపాను, అదీ చేరినట్టు లేదు. గొట్టాలు, గోడలు, బాణం గుర్తులు, ఎర్ర గీతలు ఉన్న కాగితం దారిలో చూసి ఎవరికి ఏమనిపించిందో నాకు తెలియదు. ఆ సంగతి నువ్వూ అడగొద్దు, నేనూ రాయను. ఇక బొమ్మలు పంపను. మాటల్లో చెబుతాను, శ్రద్ధగా విను.

వోల్గాస్ట్‌లో మనింట్లో అమ్మ పొయ్యి గుర్తు తెచ్చుకో. దాని వెనక, గోడకీ పొయ్యికీ మధ్య సందులో, పొగగొట్టం మొదట్లో మోకాలి ఎత్తున ఒక చిన్న ఇనుప తలుపు ఉండేది. నువ్వు లెక్కల పరీక్ష కాగితం దాచింది అందులోనే. ఆ తలుపే నా ఎర్ర గుర్తు. పైనుంచి రాలిన మసి పోగయ్యే చోటు అది. వరద వస్తే బురద కూడా అక్కడే దిగుతుంది. అది నిండితే పొగకి దారి ఉండదు, ఇంట్లోకే తిరిగి వస్తుంది. అలాంటి తలుపు మీ వీధిలో ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. కనిపించకపోతే గోడకాగితం కింద ఉన్నట్టు. వేళ్లతో కొడుతూ పో, శబ్దం మారిన చోట చింపి చూడు. తెరిచేముందు కింద బకెట్ పెట్టుకో. అడుగున మట్టి అంతా తీసి, ఒక కాగితం వెలిగించి అక్కడ పట్టుకో. మంట పైకి లాక్కుపోతే దారి ఉన్నట్టు. లేకపోతే అగ్గిపెట్టె జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చెయ్యండి.

క్రోగ్ గారికి చెప్పు: ఆయన కట్టింది తప్పు కాదు. ఆయనకి చెప్పాల్సింది నేను కాగితం మీద ఒక గీతకి వదిలేశాను. మాటల్లోనే రాసి ఉండాల్సింది. ఆ తప్పు నాది. ఆయన చేతులు మళ్లీ మట్టిలో పెట్టకపోతే నాకు ఇక్కడ నిద్ర పట్టదు.

ఇక ఆగస్టు సంగతి. ఆ పొయ్యి బుధవారమే పూర్తయింది. గురువారం, శుక్రవారం, శనివారం నేను ఇంట్లోనే ఉన్నాను. పెట్టె సర్దుకున్నాను. బూట్లు పాలిష్ చేసుకున్నాను. బల్ల దగ్గర కూర్చున్నాను. అక్కను చూసి రావడానికి ఎవరైనా ఎందుకు భయపడాలి? కానీ భయమేసింది. అక్కడ నన్ను ఎవరు పనికి పిలుస్తారు, నీ సంపాదన మీద ఎన్నాళ్లు తింటాను, అనుకుంటూ మూడు రోజులూ కూర్చున్నాను. పొయ్యి మీదికి నెట్టాను. నీకు చెప్పడానికి అదే గౌరవంగా ఉంది.

ఎగ్గెర్ట్

*

విల్హెల్మ్స్‌బుర్గ్
11 జూన్ 1962

ఒరేయ్ తమ్ముడూ,

క్షమించమని ఎలా రాయాలో తెలియక ఇన్ని రోజులు ఆగాను. ఇవాళ్టికీ తెలియలేదు. అందుకని పని సంగతే రాస్తాను.

నీ ఉత్తరం క్రోగ్‌కి చదివి వినిపించలేదు. ఆయన చేతిలో పెట్టి వంటగదిలోకి వెళ్లిపోయాను. చాలాసేపటికి కుర్చీ జరిగిన చప్పుడైంది. తర్వాత ముందు గది గోడ మీద వేళ్లతో కొడుతున్న చప్పుడు. మా రెండో అంతస్తులో అక్కర్లేదు కదా, అయినా కొట్టి చూశాడు. శబ్దం ఎక్కడ మారుతుందో నేర్చుకుంటున్నాడట.

మామ్మ ఇంట్లో ఆ తలుపు పువ్వుల గోడకాగితం మూడు పొరల కింద ఉంది. తెరిస్తే ఏడు బకెట్ల బురద వచ్చింది, అందులో ఒక చెక్క బూటు కూడా ఉంది. ఎవరిదో తెలియదు. కాగితం వెలిగించి పెడితే మంట చేతిలోంచి లాక్కున్నట్టు పైకి పోయింది. క్రోగ్ అక్కడే కింద కూర్చుండిపోయాడు. నేనూ కూర్చున్నాను.

నిన్నటికి పద్నాలుగు ఇళ్లు అయ్యాయి. పొగగొట్టాలు చూసే మనిషి వచ్చి అన్నీ చూసి, మేస్త్రీ ఎవరని అడిగాడు. "ఆయన ఈ ఊళ్లో ఉండడు," అన్నాడు క్రోగ్.

నీ లెక్కకి జవాబు: శుభవార్త ఏమీ లేదు. ఆయన నాతో మాట్లాడేదంతా భార్య గురించే. ఆమె ముల్లంగి ఎలా కోసేదో కూడా నాకు తెలుసు. నేను నీ గురించి మాట్లాడతాను. మా ఇద్దరికీ అన్నం దగ్గర అదే కాలక్షేపం.

ఆ మూడు రోజుల గురించి ఏం రాయను? నేను నిన్ను తిట్టుకుంటూ కర్టెన్లు కుడుతున్నాను, నువ్వు బల్ల దగ్గర కూర్చున్నావు. నా సంపాదన మీద తింటావని భయపడ్డావా? బడి వంటలో రోజూ ఇద్దరికి సరిపడా మిగులుతుంది. పందులకి పంపుతాం.

ఆల్‌మూట్

*

విల్హెల్మ్స్‌బుర్గ్
21 అక్టోబర్ 1962

తమ్ముడు ఎగ్గెర్ట్‌కి,

జూన్ తర్వాత నీ దగ్గర నుంచి ఒక్క కార్డే వచ్చింది, అదీ నా పుట్టినరోజుకి. వాతావరణం బాగుందని, నువ్వు బాగున్నావని. ఎవరైనా నిన్ను పిలిచి ఏదైనా అడిగారా? చెప్పక్కర్లేదు. నేను రాస్తూనే ఉంటాను. నీకు ఇబ్బంది అనిపిస్తే నన్ను తిట్టి ఒక కార్డు రాయి, అర్థం చేసుకుంటాను.

నిన్న వీధిలో అందరూ పొయ్యిలు వెలిగించారు. అనుకుని చేసింది కాదు, పొద్దున చలి పెరిగింది, ఒకరి తర్వాత ఒకరు. రొట్టె తేవడానికి వెళ్లి, రోడ్డు మధ్యలో నిలబడి పొగలు లెక్కపెట్టాను. ఇరవై రెండు. అన్నీ నిటారుగా పోతున్నాయి. నీటి గీత ఇంకా గోడల మీద ఉంది, పైన సున్నం వేసినా కనిపిస్తోంది. చివరి నాలుగు ఇళ్లకి ఎవరూ తిరిగి రాలేదు.

క్రోగ్ వెళ్లిపోయాడు. రేవు అవతల కొత్త ఇళ్లలో ఒకటి ఇచ్చారు. తాళంచెవి బల్ల మీద పెట్టి, పక్క దుప్పటి మడిచి, చెయ్యి కలిపి వెళ్లాడు. ఇప్పుడు అన్నం దగ్గర నేనొక్కదాన్నే. రేడియో పెట్టుకుంటున్నాను.

నిన్ను ఒకటి అడగాలి. టిల్డె అనే ఆవిడ ఇద్దరు ఆడపిల్లలతో ఇంకా చెక్క షెడ్డులోనే ఉంది. ఈ చలికాలం వాళ్లకక్కడ కష్టం. వెనక గది ఇస్తే సరిపోతుంది. వాళ్లు వస్తే మళ్లీ వెళ్లరు, క్రోగ్‌లా కాదు. నీ గది. నిన్ను అడగకుండా ఇవ్వను.

ఇంకొకటి. ఎల్‌ఫ్రీడె మామ్మ నిన్న నన్ను పొయ్యి పక్కన కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. చేతి వణుకు కాస్త తగ్గింది, అయినా సగం కాఫీ పళ్లెంలో పడింది. "మీ తమ్ముడు ఎలా ఉంటాడు? రోజూ తలుచుకుంటాను గానీ మొహం తెలియదు," అంది. చెప్పబోయాను. అమ్మ పోయినప్పుడు చూసిన మొహం చెప్పాను. ఎనిమిదేళ్లయింది కదా. "జుట్టు తెల్లబడిందా?" అంది. నాకు తెలియలేదు, ఎగ్గెర్ట్. తెలియదని చెప్పడానికి సిగ్గేసి, కొంచెం అన్నాను.

ఆల్‌మూట్

*

గ్రైఫ్స్‌వాల్ట్
4 నవంబర్ 1962

అక్కా,

ఆరోగ్యం బాగుంది. పని ఉంది. ఎక్కువ రాయలేకపోతున్నాను, ఇక మీదట కూడా పండగలకీ పుట్టినరోజులకే రాస్తాను. కోపం కాదు. అర్థం చేసుకుంటానన్నావు.

గది ఇచ్చెయ్. ఈ వారమే తీసుకురా వాళ్లని, చలి ముదిరేదాకా ఆగకు. ఆ మంచం ఆడపిల్లలకి సరిపోతుంది. నా గది అని వాళ్లతో అనొద్దు.

ఇరవై రెండు అన్న చోట చాలాసేపు ఆగాను. తర్వాత కోటు వేసుకుని రేవు దాకా నడిచి వచ్చాను.

ఫొటో పెట్టడం లేదు. మామ్మకి ఇలా చెప్పు. జుట్టు కొంచెం కాదు, మొత్తం తెల్లబడింది. నుదుటి మీద అసలు లేదు. చదవడానికి కళ్లద్దాలు. కుడి బొటనవేలు మట్టి పిసికీ పిసికీ వంకర పోయింది. మెట్లెక్కేటప్పుడు ఒకసారి ఆగుతాను, చలికాలంలో రెండుసార్లు. కాస్త వంగి నడుస్తున్నానని ఇక్కడివాళ్లు అంటున్నారు.

ఎక్కడైనా వీధిలో ఎదురైతే మొహం చూసి నువ్వు గుర్తుపడతావు. వెనక నుంచి చూస్తే మాత్రం నాన్న అనుకుంటావు. అలాగే పిలువు. ఆగి, వెనక్కి తిరుగుతాను.

నీ తమ్ముడు
ఎగ్గెర్ట్